కార్డు రాస్తే చాలు... క్యాటలాగు ఉచితం!

*కథల కోసం కొన్న పత్రికల్లో కథ పక్కన, సీరియల్ కింద, ఆఖరి అట్ట లోపల ఒదిగిన చిన్న ప్రకటనలు మన తాతముత్తాతల కోరికలనీ, రోగాలనీ, సిగ్గునీ, ఆశనీ పదిలంగా దాచిపెట్టాయి. చరిత్ర పుస్తకాలు రాయని ఆ చరిత్ర మీద ఈ వారం ముఖచిత్ర కథనం.*

ఆదివారం పొద్దున. హైదరాబాద్ ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచేశారు. ఇంజినీరింగ్ గైడ్లు, ఇంగ్లిష్ నవలలు దాటుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన, పురికొసతో కట్టిన పాత వారపత్రికల కట్ట ముందు గొంతుకూర్చున్నారు. పక్కనే కాలేజీ చదివే మనవరాలు. ఆయన వెతుకుతున్నది ఎప్పుడో సగంలో ఆగిపోయిన సీరియల్. ఆ అమ్మాయి చూపు మాత్రం సీరియల్ పక్కన అగ్గిపెట్టెంత చోటులో ఇరుక్కున్న ఒక ప్రకటన దగ్గర ఆగింది. మోకాళ్ళ దాకా జుట్టు విరబోసుకుని అద్దంలో చూసుకుంటున్న స్త్రీ బొమ్మ. బొమ్మ కింద తలనూనె పేరు, సీసా వెల, మద్రాసు చిరునామా.

"తాతయ్యా, ఈ 1-4-0 ఏంటి? ఫోన్ నంబరా?"

"వెల అమ్మా. రూపాయి నాలుగణాలు. ఆఖరి సున్నా పైలది, అణాకి పన్నెండు పైలు."

"మరి వి.పి. ఖర్చులు ప్రత్యేకం అంటే?"

పెద్దాయన చేతిలో సీరియల్ పక్కన పెట్టేశారు. అణాల లెక్క, పార్శిలు, పోస్టుమాన్, తన తల్లి ఆ నూనె కోసం డబ్బు కూడబెట్టిన సంగతి ఒకదాని వెనక ఒకటి చెప్పుకుపోయారు. కట్ట అమ్మే అబ్బాయి కూడా బేరం మాట మరిచి వింటూ నిలబడ్డాడు.

ఇప్పుడు ఇలాంటి ముచ్చట్లు చాలా ఇళ్ళలో జరుగుతున్నాయి. పాత పత్రికల ప్రకటనల ఫొటోలు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. "అప్పట్లో సబ్బు ఇంతేనా!" అని ఒకరు, "ఈ పళ్ళపొడి మా ఇంట్లో వాడేవాళ్ళం" అని ఇంకొకరు. చాలామంది ధర చూసి ముచ్చటపడి అక్కడే ఆగిపోతున్నారు. ఆ నాలుగు లైన్లని ఇంకాస్త నిదానంగా చదివితే అంతకన్నా విలువైనది దొరుకుతుంది. ఒక మామూలు మనిషి ఏ బాధ మాన్పుకోవాలనుకున్నాడో, ఎవరిలా కనిపించాలనుకున్నాడో, ఎవరికీ తెలియకుండా ఏం తెప్పించుకున్నాడో చెప్పే సాక్ష్యం అది.

మందు సీసా పెట్టిన పత్రికలు

పత్రిక బతకాలంటే ప్రకటనలు కావాలన్నది ఎప్పుడూ ఉన్న మాటే. తెలుగులో అంతకన్నా విచిత్రం జరిగింది. ప్రకటనలు ఇచ్చే వ్యాపారులే పత్రికలు పెట్టారు.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. కొత్త మందుని ఎవరు నమ్మి కొంటారు? సంగీత కచేరీలు జరిగే చోటికి వెళ్ళి, అక్కడికి వచ్చినవాళ్ళకి ఉచితంగా పంచిపెట్టారాయన. తలనొప్పి తగ్గినవాళ్ళు మర్నాడు దుకాణాల్లో అడగడం మొదలుపెట్టారు. ఆ పసుప్పచ్చ అంజనం మీద వచ్చిన సొమ్ముతోనే 1908లో బొంబాయి నుంచి 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసుకి తరలివచ్చి దినపత్రిక అయింది. 1924లో 'భారతి' పుట్టింది. తెలుగు సాహిత్య పరిశోధనకి, కథకి, కవిత్వానికి దశాబ్దాల పాటు పెద్దదిక్కుగా నిలిచిన పత్రిక వెనక ఒక చిన్న మందు సీసా ఉంది. జనం ఆయన్ని దేశోద్ధారకుడన్నారు. ఆ ఉద్ధరణకి పెట్టుబడి తలనొప్పి మందు.

కె.ఎన్. కేసరి కథ కూడా అలాంటిదే. ఒంగోలు ప్రాంతం నుంచి చిన్నతనంలోనే పొట్ట చేతపట్టుకుని మద్రాసు చేరిన ఈయన ఆయుర్వేదం నేర్చి కేసరి కుటీరం స్థాపించారు. ఆ సంస్థ మందుల్లో ఊరూరా పేరు మోసింది స్త్రీల వ్యాధులకిచ్చే 'లోధ్ర'. ఆ రోజుల్లో ఆడవాళ్ళు నెలసరి బాధల గురించి ఇంట్లో మగవాళ్ళతో అనేవారు కారు. పక్క ఊరి డాక్టరు మగవాడైతే అక్కడా చెప్పుకునేవారు కారు. పత్రికలో ప్రకటన మాత్రం ఆ మాట పైకి అనేసింది. చదవడం వచ్చిన ఆడపిల్ల దాన్ని చదివి, పక్కింటి పిన్నికి చెప్పి, ఇద్దరూ కలిసి కార్డు రాసి తెప్పించుకోవడానికి దారి చూపింది.

అదే కేసరి 1928లో స్త్రీల కోసం 'గృహలక్ష్మి' మాసపత్రిక పెట్టారు. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' వచ్చింది ఆ పత్రికలోనే. రచయిత్రులని గౌరవించడానికి ఆయన ఏర్పాటు చేసిన గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదట అందుకున్నదీ, 1934లో, ఆమే. మందుల మీద వచ్చిన సంపాదన ఒక రచయిత్రి చేతికి బంగారు కంకణమై చేరింది.

హైదరాబాద్ రాజ్యంలో ఇంకో సీసా ఉంది. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫరూఖీ తయారుచేసిన జిందా తిలిస్మాత్. దాని మీద నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళ సైనికుణ్ణి తలపించే బొమ్మ వేశారు. బలానికి గుర్తుగా వేసిన ఆ బొమ్మ వందేళ్ళు దాటినా మారలేదు. చదువు రానివాడు కూడా దుకాణంలో ఆ బొమ్మ చూపించి మందు కొనుక్కునేవాడు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టే నాటికి తెలంగాణ పల్లెల్లో తెలుగు చదివేవాళ్ళు బహు తక్కువ. బొమ్మ ఉన్న ప్రకటనకి అంత విలువ ఎందుకొచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పోస్టుమాన్ నడిపిన అంగడి

చిన్న ప్రకటనల ప్రపంచం మొత్తం ఒక మనిషి భుజం మీద నడిచింది. ఆయన పోస్టుమాన్.

మన దేశంలో వాల్యూ పేయబుల్ పోస్టు, అందరి నోటా నలిగిన పేరు వి.పి.పి., 1877లో మొదలైంది. 1880లో తపాలా శాఖ మనియార్డరు కూడా తెచ్చింది. ఈ రెండూ కలిసి మద్రాసు వీధిని మారుమూల పల్లెకి తెచ్చి పెట్టాయి. పద్ధతి తేలిక. ప్రకటన చూసి కార్డు రాయాలి. సరుకు పార్శిలుగా వస్తుంది. పోస్టుమాన్ చేతిలో డబ్బు పెడితేనే పార్శిలు చేతికొస్తుంది. ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. అమ్మినవాడు డబ్బు ఎగవేత భయం లేకుండా పంపేవాడు. కొన్నవాడు సరుకు ఊళ్ళోకి వచ్చేదాకా పైసా కట్టనక్కర్లేదు. ఇవాళ ఫోన్‌లో ఆర్డరు పెట్టి గుమ్మం దగ్గర డబ్బులిచ్చే పద్ధతికి తాత ఇదే.

ఒక్క చిక్కుంది. డబ్బు కట్టాకే కట్ట విప్పాలి. విప్పాక లోపల ఏముంటే అదే ప్రాప్తం. అందుకే పార్శిలు వచ్చిన రోజు ఇంటి అరుగు మీద నలుగురూ చేరేవారు. పురికొస విప్పి, అట్టపెట్టె తెరిచి, లోపలి ఎండుగడ్డి తీసి, సీసా పగలకుండా వచ్చిందో లేదో చూసి, మూత తీసి వాసన చూసేదాకా ఎవరూ కదిలేవారు కారు.

వి.పి.పి. మోసుకొచ్చింది మందులూ నూనెలూ మాత్రమే అనుకోకూడదు. తెలుగువాళ్ళకి పుస్తకాలు తెచ్చిచ్చిన దారి కూడా అదే. మద్రాసులో వావిళ్ళ వారు, రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, ఏలూరులో రామా అండ్ కో వంటి ప్రచురణకర్తల పుస్తకాలు పట్నం ముఖం చూడని పాఠకుల దాకా వెళ్ళడానికి తపాలానే ఆధారం. పుస్తకాల దుకాణమే లేని ఊళ్ళో ఒక బడిపంతులు గారింట భారతం, శతకాలు, నాలుగు నవలలు బీరువాలో కనబడ్డాయంటే, వాటిలో కొన్నయినా పత్రికలో ప్రకటన చూసి తెప్పించుకున్నవే అయ్యుంటాయి. "కార్డు రాసినవారికి క్యాటలాగు ఉచితం" అన్న మాట ఎంతమందిని పాఠకులుగా చేసిందో ఎవరూ లెక్క కట్టలేదు.

---

బాక్స్: తేదీ లేని కాగితం వయసు కనిపెట్టడం ఇలా

పాత పత్రికలోంచి చిరిగిన ముక్క ఒకటి దొరికింది. మీద తేదీ లేదు. ప్రకటనే దాని వయసు చెబుతుంది.

● వెల: రూపాయి-అణా-పైలలో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుదై ఉండాలి. ఆ రోజే దశాంశ నాణేలు వచ్చాయి. కొత్త లెక్కకి జనం అలవాటుపడే దాకా కొన్నాళ్ళు రెండు వెలలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

● న.పై.: నయాపైసలకి పొడి అక్షరాలు. 1957-64 మధ్య కాలానికి ఇది దాదాపు వేలిముద్ర. 1964 జూన్‌లో 'నయా' తీసేశారు.

● చిరునామా: 'మద్రాసు-26' అని రెండంకెలే ఉంటే పిన్‌కోడ్‌కి ముందు కాలం. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. చందమామ పత్రిక ఉన్న వడపళని, 'మద్రాసు-26' నుంచి 'మద్రాసు-600 026' అయింది.

● తూకం: తులాలు, వీశెలు, సేర్లు కనిపిస్తే పాతది. 1958-62 మధ్య మెట్రిక్ తూనికలు దశలవారీగా వచ్చి వాటిని పక్కకి నెట్టాయి.

● రాష్ట్రం: 'ఆంధ్ర రాష్ట్రం' అని ఉంటే 1953 అక్టోబరు 1, 1956 నవంబరు 1 మధ్య అచ్చయి ఉండొచ్చు.

● తంతి: పెద్ద వ్యాపారులు టెలిగ్రాములకి ఒక్క మాటలో చిరునామా రిజిస్టరు చేయించుకుని ప్రకటన అడుగున వేసుకునేవారు. దేశంలో ఆ తంతి సేవే 2013 జూలైలో ఆగిపోయింది.

---

అంగుళంలో ఇమిడిన పనితనం

పాత ప్రకటనల అందంలో సగం వాటిని తయారుచేసిన పద్ధతిలో ఉంది. ఆఫ్‌సెట్ రాకముందు ఒక చిన్న ప్రకటన పత్రికలోకి ఎక్కాలంటే ఎన్ని చేతులు మారేదో చూడండి.

మొదట చిత్రకారుడు తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో బొమ్మ వేసేవాడు. అచ్చులో బాగా చిన్నదైపోతుంది కాబట్టి గీతలు ఎడంగా, స్పష్టంగా ఉండాలి. దాన్ని ఫొటో తీసి జింకు రేకు మీదకి ఎక్కించి, గీతలు ఉన్న చోటు వదిలి మిగతాది ఆసిడ్‌తో తినిపించేవారు. ఆ రేకుని చెక్కముక్కకి మేకులతో బిగిస్తే 'బ్లాకు' తయారు. దాని ఎత్తు సీసపు అక్షరాల ఎత్తుతో సరిగ్గా కలవాలి. అంగుళానికి కాస్త తక్కువ. వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ అలికినట్టో, సగం ఎగిరిపోయినట్టో పడుతుంది. బ్లాకు పత్రికాఫీసుకి వస్తే, కంపోజిటర్ దాని చుట్టూ ఒక్కో అక్షరం, ఒక్కో వత్తు, ఒక్కో గుణింతం పేర్చి చుట్టూ గీత బిగించేవాడు.

ఒకే బ్లాకుని ఏళ్ళ తరబడి వాడేవారు. ఒక పత్రిక పాత సంచికలు వరసగా తిరగేస్తే ఈ ముచ్చట కళ్ళకి కడుతుంది. మొదటి సంచికల్లో తలనూనె బొమ్మలోని స్త్రీ కనురెప్పలు కూడా లెక్కపెట్టవచ్చు. పోనుపోను రేకు అరిగి గీతలు లావెక్కుతాయి. కనురెప్పలు ఒక్క గీతగా కలిసిపోతాయి. జుట్టు పాయలు అల్లుకుపోయి నల్లటి మచ్చవుతాయి. ఆ పక్కనున్న అక్షరాలు మాత్రం ప్రతిసారీ కొత్తగా పేర్చినవి కాబట్టి నిగనిగలాడుతూ ఉంటాయి. బొమ్మలోని ఆమె మన కళ్ళ ముందే ముసలిదయినట్టు అనిపిస్తుంది.

మాటల పొదుపు కూడా ఒక విద్యే. ప్రకటనకి ఛార్జీ కాలమ్ అంగుళాల లెక్కన. మాట పెరిగితే ఖర్చు పెరుగుతుంది. రోగం పేరు, మందు పేరు, గుణం, వెల, పోస్టు ఖర్చు, ఏజెంట్లు కావలెనన్న కబురు, నకిలీలున్నాయన్న హెచ్చరిక, చిరునామా, ఇవన్నీ ఆరేడు లైన్లలో ఇరికించాలి. పక్క కాలమ్‌లో కథ వాడుక భాషలో పరుగులు తీస్తుంటే, ప్రకటన చాలాకాలం వరకు 'వాడిచూడుడు', 'పంపబడును' అంటూ గ్రాంథికంలో నిలబడి మాట్లాడేది. కొనేవాడి దృష్టిలో ఆ భాషకి సర్కారు కాగితానికున్న గౌరవం ఉంది. వ్యాపారులు ఆ గౌరవాన్ని తెలిసే వాడుకున్నారు.

బొమ్మలు వేసినవాళ్ళలో చాలామంది పేర్లు మిగల్లేదు. ప్రకటన మూల సంతకం పెట్టే అలవాటు తక్కువ. మన బాపు కూడా కొంతకాలం అడ్వర్టైజింగ్ కంపెనీలో పనిచేసినవారే. ఆయన పేరు నిలిచింది. ఆయనలాగే కూర్చుని గ్రైప్ వాటర్ పాపాయినీ, పళ్ళపొడి పెద్దాయననీ గీసిన పేరు తెలియని చిత్రకారులు ఇంకా ఎందరో ఉన్నారు.

సిగ్గుని అమ్ముకున్నవాళ్ళు

ఈ ప్రకటనలని తలుచుకుని మురిసిపోయేటప్పుడు ఇంకో వైపు కూడా చూడాలి. చిన్న ప్రకటనలో అమృతం ఎంత ఉందో, విషమూ అంతే ఉంది.

పాత పత్రికల వెనక పేజీలు తిప్పితే కొన్ని చిరునామాలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. జలంధర్ నుంచి జోస్యం. మీకు నచ్చిన పువ్వు పేరు, ఉత్తరం రాసిన వేళ కార్డు మీద రాసి పంపితే రాబోయే పన్నెండు నెలల ఫలితాలు వి.పి.పి.లో వస్తాయి. బీహార్‌లోని కత్రీసరాయ్ నుంచి తెల్లమచ్చల మందు. ఇంకో చోటి నుంచి లైసెన్సు అక్కర్లేని పిస్తోలు. అది చప్పుడు తప్ప ఏమీ చెయ్యని బొమ్మ తుపాకీ. తొమ్మిది గళ్ళలో అంకెలు నింపి ఎటు కూడినా ఒకే మొత్తం తెస్తే ట్రాన్సిస్టర్ రేడియో బహుమతి. లెక్క చిన్నపిల్లలు కూడా చెయ్యగలిగినంత తేలిక. అందరికీ బహుమతి వస్తుంది, ప్యాకింగు ఖర్చుల పేరుతో డబ్బు కట్టమన్న ఉత్తరంతో సహా.

జోస్యం, పిస్తోలు పోగొట్టేది నాలుగు రూపాయలు. తెల్లమచ్చల ప్రకటన అలా కాదు. పెళ్ళీడుకొచ్చిన పిల్ల చేతి మీద మచ్చ వస్తే ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ కుంగిపోయేవారు. ఆసుపత్రికి తీసుకెళితే నలుగురికీ తెలుస్తుందని భయం. ప్రకటన ఆ భయాన్ని సరిగ్గా పట్టుకుంది. 'రహస్యంగా', 'ఇంట్లోనే', 'కొద్దిరోజుల్లో' అన్న మాటలతో ఊరించింది. తండ్రి రహస్యంగా డబ్బు కట్టి రహస్యంగా మోసపోయాడు. ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? ఫిర్యాదు చేస్తే రహస్యం బయటపడుతుంది. మోసగాళ్ళకి రక్షణ ఇచ్చింది ఆ మౌనమే.

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 1954లో అభ్యంతరకరమైన మందుల, మంత్ర చికిత్సల ప్రకటనలని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఏ రోగాలు నయం చేస్తామని ప్రకటించకూడదో చెప్పే ఆ చట్టం జాబితాలో తెల్లమచ్చలూ ఉన్నాయి, ఎత్తు పెంచడమూ ఉంది. భావప్రకటన స్వేచ్ఛకి అడ్డమంటూ దాన్ని సవాలు చేస్తే, 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి వ్యాపార ప్రకటనలకి ఆ రక్షణ వర్తించదని తేల్చింది. అయితే చట్టంలో అస్పష్టంగా ఉన్న కొన్ని భాగాలని కొట్టేసింది. బహుమతుల పోటీల మీద అదుపు పెడుతూ 1955లో ఇంకో చట్టం వచ్చింది. అయినా ప్రకటనలు ఆగలేదు. మాట మార్చి, చిరునామా మార్చి వస్తూనే ఉన్నాయి. ఫలానా తేదీన ఫలానా ఊరి లాడ్జిలో వైద్యుడు అందుబాటులో ఉంటాడన్న ప్రకటనలు మొన్నమొన్నటిదాకా మనం చూసినవే.

తెల్లగా అవడం మీద మోజు కూడా ఆ పాత పత్రికల కాలంలోనే కుదురుకుంది. 1919లో బొంబాయిలో పుట్టిన ఆఫ్ఘన్ స్నో లాంటి ముఖలేపనాలు ఇంటింటి అద్దం ముందుకీ చేరాయి. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించిన తొలి భారతీయ సినిమా తార అయ్యారు. ఆ తర్వాత దక్షిణాది తారలూ అదే బాట పట్టారు. సబ్బు కొన్న ఆడపిల్ల తార ముఖాన్ని కూడా ఇంటికి తెచ్చుకుంది. నల్లగా ఉండటం ఒక లోపమన్న మాటని మన ఇళ్ళలో అంత లోతుగా నాటినవాటిలో ఈ చిన్న బొమ్మల వాటా తక్కువేం కాదు. ఆ మాట ఇంకా మన పెళ్ళి ప్రకటనల్లో వినపడుతూనే ఉంది.

ఆశ కూడా అమ్ముడుపోయింది

అన్నీ మోసాలే అయితే ఈ ప్రకటనలని ఇంత ప్రేమగా తలుచుకునేవాళ్ళం కాదు. చాలా ప్రకటనలు నిజంగా ఒక మెట్టు పైకెక్కించాయి. ముప్పై రోజుల్లో తెలుగు ద్వారా ఇంగ్లిష్, హిందీ నేర్పే పుస్తకాలు మద్రాసు నుంచి పోస్టులో వచ్చేవి. టైపు, షార్ట్‌హ్యాండు, రేడియో మెకానిజం ఉత్తరాల ద్వారా నేర్చుకోవచ్చన్న ప్రకటనలు పదో తరగతి తప్పిన కుర్రాడికి ఇంకో దారి చూపించాయి. కుట్టుమిషన్ ప్రకటనలో మిషన్ ముందు కూర్చున్న స్త్రీని చూసి, తన కాళ్ళ మీద తాను నిలబడొచ్చని అనుకున్న ఇల్లాళ్ళున్నారు. ఏజెంట్లు కావలెనన్న ఒక్క లైను పట్టుకుని సైకిల్ మీద ఊళ్ళు తిరిగి అగరొత్తులో, పళ్ళపొడో అమ్మి కుటుంబాలు నిలబెట్టినవాళ్ళున్నారు.

పిల్లల ప్రపంచంలో చందమామ ఉంది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికలో బేతాళ కథ అయిపోయాక ఆఖరి అట్ట మీద రంగుల్లో బిస్కట్లు, చాక్లెట్లు, రంగుపెన్సిళ్ళు ఊరించేవి. చిత్తూరు నుంచి వచ్చే న్యూట్రిన్ చాక్లెట్ పేరు తెలియని తెలుగు పిల్లలు ఆ తరంలో అరుదు. చాలామంది పిల్లలకి రంగుల్లో అచ్చయిన బొమ్మ దొరికే చోటు ఆ పత్రికే. అందుకే ప్రకటనని కూడా కథలాగే పదేపదే చూశారు.

ఒక్క ప్రకటన మీద నిలిచిన సినిమా

చిన్న ప్రకటన మన జీవితాల్లో ఎంతగా కలిసిపోయిందో తెలియాలంటే 'మిస్సమ్మ' చూడాలి. అదే నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ఈ సినిమా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1955లో వచ్చింది. కథంతా ఒక పత్రికా ప్రకటన మీదే నడుస్తుంది. అప్పాపురం జమీందారు నడిపే బడికి పట్టభద్రులైన భార్యాభర్తలు టీచర్లుగా కావాలి. ఉద్యోగం లేని ఇద్దరు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవురాలు, ఆ ప్రకటన చూసి భార్యాభర్తలమని చెప్పి చేరతారు. ఎన్టీఆర్, సావిత్రి ఆ నాటకం ఆడుతుంటే మనం ఇప్పటికీ నవ్వుతున్నాం.

నవ్వు వెనక ఆనాటి నిజం ఉంది. డిగ్రీ ఉన్నా ఉద్యోగం లేని యువత, అప్పులవాళ్ళ పోరు, 'కావలెను' అన్న మాట కనిపిస్తే ప్రాణం లేచొచ్చే బతుకులు. పేపరు రాగానే సంపాదకీయం కన్నా ముందు ఆ కాలమ్ వెతికిన తరం అది. చక్రపాణికి పత్రికలూ తెలుసు, పాఠకులూ తెలుసు. నాలుగు లైన్ల ప్రకటన మూడు గంటల సినిమాని మోయగలదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు.

చింపేసిన పేజీల్లోనే అసలు నష్టం

ఇంత సమాచారం ఉన్న ఈ ప్రకటనలు మనకి మిగిలింది తక్కువ. కారణం మన చదువరితనమే కావడం విచారకరం.

సీరియల్ అంటే తెలుగువాళ్ళకి ప్రాణం. వారం వారం ఆ పేజీలని మాత్రం చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టించి, అట్ట వేయించి దాచుకున్న ఇళ్ళు వేలల్లో ఉంటాయి. నవల పుస్తకంగా రాకముందే ఇంట్లో పుస్తకం అయిపోయేది. మిగిలిన పత్రిక తూకానికి పోయేది, లేదా బడ్డీకొట్టులో పల్లీల పొట్లమయ్యేది. ప్రకటనల పేజీలూ అట్టలూ దాంతోనే పోయాయి. ఇవాళ కొన్ని ప్రకటనలు దొరుకుతున్నాయంటే, అవి సీరియల్ పేజీకి వెనకవైపు పడటం వల్ల మాత్రమే బతికాయి. నవలని ప్రేమించిన పాఠకురాలు తనకి తెలియకుండానే ప్రకటనని కూడా కాపాడింది.

గ్రంథాలయాల్లోనూ ఇదే తంతు. సంవత్సరం సంచికలన్నీ కలిపి బైండు చేసేటప్పుడు లావు తగ్గుతుందని అట్టలు, ప్రకటనల పేజీలు తీసేసే అలవాటు చాలాచోట్ల ఉండేది. స్కాన్ చేసేవాళ్ళు కూడా కొన్నిసార్లు రచనలున్న పేజీలకే కెమెరా పెట్టి మిగతావి వదిలేస్తున్నారు. రచయిత రాసింది సాహిత్యం, దుకాణదారు రాసింది చెత్త అన్న లెక్క ఇది. ఆ లెక్క తప్పు. గొప్ప నవల ఏదో ఒక రూపంలో మళ్ళీ అచ్చవుతుంది. బెజవాడలో ఒకనాటి గొడుగుల దుకాణం ఇచ్చిన ప్రకటనని ఎవరూ మళ్ళీ అచ్చు వెయ్యరు. ఆ వీధి పేరు, ఆ గొడుగు వెల, ఏ వానాకాలంలో ఏ గుడ్డ అమ్ముడుపోయిందీ చెప్పే కాగితం అదొక్కటే కావచ్చు.

---

బాక్స్: ఎక్కడ చూడొచ్చు?

● సారస్వత నికేతనం, వేటపాలెం: 1918లో మొదలైన గ్రంథాలయం. పాత తెలుగు పత్రికల నిధిగా పరిశోధకులకి సుపరిచితం. 1929లో గాంధీజీ దీని భవనానికి శంకుస్థాపన చేశారు.

● గౌతమీ గ్రంథాలయం, రాజమహేంద్రవరం: గోదావరి తీరంలో పాత పుస్తకాలకీ, పత్రికలకీ పేరున్న చోటు.

● శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, హైదరాబాద్: సుల్తాన్ బజార్‌లోని ఈ గ్రంథాలయం 1901లో వెలిసింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకి కేంద్రంగా నిలిచింది.

● సుందరయ్య విజ్ఞాన కేంద్రం, హైదరాబాద్: ఆరుద్ర సేకరణతో సహా విలువైన తెలుగు పుస్తకాల భాండారం.

● ప్రెస్ అకాడమీ డిజిటల్ భాండారం: ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలెన్నింటినో డిజిటల్ రూపంలోకి తెచ్చింది.

---

మీ ఇంటి అటక మీద ఏముంది?

పాత ప్రకటనని మెచ్చుకోవడానికి మనం పాతకాలాన్ని మెచ్చుకోనక్కర్లేదు. అప్పటి కులపు గోడలు, రంగు పిచ్చి, ఆడవాళ్ళ మీద ఆంక్షలు, మందుల పేరిట మోసాలు, అన్నీ ఆ అంగుళం చోటులోనే అచ్చయి ఉన్నాయి. అదే చోటులో ఒక తల్లి బిడ్డ ఏడుపు మాన్పించడానికి పడ్డ తపన, ఒక నిరుద్యోగి పట్టుదల, ఒక పల్లెటూరి పాఠకుడి పుస్తకాల ఆకలి కూడా ఉన్నాయి. రెంటినీ కలిపి చూపగల సాక్ష్యం మనకి ఇంకొకటి లేదు.

అందుకే పాఠకులకి మా మనవి. పండక్కి అటక దులిపేటప్పుడు పాత పత్రికలు కనిపిస్తే తూకానికి వెయ్యకండి. అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలు సహా, ప్రతి పేజీనీ ఫొటో తీసి పెట్టుకోండి. ముక్కగా కత్తిరించి పంచుకుంటే ఆ ప్రకటన ఏ పత్రికదో, ఏ సంచికదో తప్పకుండా కింద రాయండి. పేరూ తేదీ లేని బొమ్మ సరదాకి పనికొస్తుంది తప్ప చరిత్రకి పనికిరాదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ ప్రకటన చూపించి, ఆ నూనె ఎవరు తెప్పించారో, ఆ మందు పనిచేసిందో లేదో అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకోండి. ఇక గ్రంథాలయాలకీ, డిజిటైజేషన్ చేస్తున్న సంస్థలకీ ఒక్కటే విన్నపం. ప్రకటనల పేజీలని వదలకండి. ఒక పత్రికని భద్రపరచడమంటే దాని ప్రతి పేజీనీ భద్రపరచడమే.